ట్రాక్టర్ ట్యూబు మీద త్రిభుజం

సైకిలు ట్యూబుకు ప్యాచ్ వేద్దామని ఇవాళ సొల్యూషన్ మూత తీశాను. ఆ ఘాటు వాసన ముక్కుకు తగలగానే గంగామణి టీచర్ గుర్తొచ్చారు. ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర నాది పంక్చర్ షాపు. బడి మధ్యలోనే మానేసినా, దొరికిన సైన్సు పుస్తకమల్లా చదివేవాణ్ని. "నీకెందుకే రాజన్నా, ఆకాశం ముచ్చట" అని నవ్వినవాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆకాశమేమన్నా వాళ్ల పట్టా భూమా? రిటైరైన లెక్కల టీచర్ గంగామణి మాత్రం నవ్వలేదు.

ఒకరోజు ఆమె గాలి నింపిన ట్రాక్టర్ ట్యూబు మీద సుద్దతో రెండు త్రిభుజాలు గీశారు. ట్యూబు బయటి అంచున గీసినదాని మూలలు విచ్చుకున్నాయి, నడుమ బొక్క వైపు గీసినదానివి కుంచించుకుపోయాయి. "కాగితం మీద మూడు కోణాలు కలిపితే నూట ఎనభై. ఈడ ఎక్కువైతది, ఆడ తక్కువైతది. మరి మనమున్న విశ్వం ఎట్లున్నదో ఎట్ల తెలుస్తది, రాజన్నా?"

"గంత పెద్ద త్రిభుజం ఏడ గీయాలె, టీచరమ్మా?"

"విశ్వం పుట్టిన కొత్తల బయలుదేరిన వెలుగు ఇంకా ఆకాశమంత ఉన్నది. అన్నిటికంటె పాతదైన ఆ వెలుగుల మచ్చలున్నయ్. వాటి అసలు వెడల్పు, దూరం లెక్కగట్టిండ్రు. మచ్చ ఒక భుజం, దాని రెండు అంచుల నుంచి మనదాంక వచ్చిన కిరణాలు రెండు భుజాలు. విశ్వం వంకరుంటే మచ్చ లెక్కకన్న పెద్దగనో చిన్నగనో కనవడాలె. కనవడలేదు. కాగితం లెక్కనే వచ్చింది."

"అంటే చదునే" అన్నాను.

"కొలిచినంత వరకు" అని సుద్ద కింద పెట్టారు.

తరువాత కామారెడ్డిలో ఒక బడివాళ్లు సైన్సు ప్రదర్శనలో మాట్లాడమని ఆమెను పిలిచారు. తనకు బదులు నన్ను పిలవమన్నారామె. "పంక్చర్ షాపాయననా, మేడం?" అన్నాడు నిర్వాహకుడు. "తప్పు చెప్తే నన్నడుగుండ్రి" అన్నారు టీచర్. ఆ మాటతో నాకు నిద్ర కరువైంది. తడబడితే పోయేది ఆమె పరువు. ట్యూబుతో బస్సెక్కితే కండక్టరు, "ఏంది రాజన్నా, ఈతకు పోతున్నవా?" అన్నాడు.

వేదిక మీద, మా పనిలో ఎవరూ చేయనిది చేశాను: గాలి నిండిన ట్యూబుకే ప్యాచ్ అంటించాను. అంచులు ముడతపడ్డాయి. పిల్లలు నవ్వారు. "వంకరున్న కాడ చదును ముక్క గిట్లనే ముడతపడతది. పాత వెలుగుల మచ్చలను కొలిచి చూస్తే గసొంటి వంకర దొరకలేదు" అన్నాను. ముందు వరుసలోంచి టీచర్ లేచారు. "అయితే విశ్వం చదునేనా?"

"కొలిచినంత వరకు, టీచరమ్మా."

ఆమె నిర్వాహకుడి వైపు తిరిగి, "ఇగ నన్నేమన్న అడిగేదున్నదా?" అన్నారు.

టీచర్ ఇప్పుడు లేరు. కానీ నా షాపు ముందు నిలబడి ఎవరైనా లోకం సంగతి తేల్చేస్తుంటే, చేతిలో పని ఆపి, "ఏడిదాంక కొలిచినవ్?" అని అడుగుతాను. వాళ్లు ఎంత చదివినవాళ్లయినా సరే.