మండపేట బస్సులో విరిగిన బాసికం

నేను చేసిన లోలాకులు చూసినవాళ్ళందరూ అడిగే ప్రశ్న ఒకటే: చెక్కని ఇంత సన్నగా ఎలా కోశారు అని. నేను కొయ్యలేదు, రాజమండ్రిలో లేజర్ మెషిన్ కోసింది. నేను కాకినాడలో పగలు ఒక ప్రెస్సులో శుభలేఖలు డిజైన్ చేస్తాను. మిగిలిన వేళల్లో కొబ్బరి చిప్పలు, పల్చటి ప్లైవుడ్, యాక్రిలిక్ షీట్లు ముందేసుకుని నగలు చేస్తాను. మీలో కొందరు ఆ దారీ, ఖర్చూ రాయమని ఎప్పట్నుంచో అడుగుతున్నారు. రాస్తున్నాను. కాకపోతే ఇది నేను సవ్యంగా చేసిన ప్రయాణం కాదు. ఒకసారి వెళ్తే అయిపోయే దారిలో నా కంగారు వల్ల మూడుసార్లు తిరిగాను. మీకు ఆ తిరుగుడు తప్పితే చాలు.

పాలిటెక్నిక్‌లో నా పక్కన కూర్చున్న శిరీషకి పెళ్లి కుదిరింది. వాళ్ళది మండపేట దగ్గర వ్యవసాయ కుటుంబం. ఆషాఢం వచ్చేలోగా చెయ్యాలని ముహూర్తం తొందరగా పెట్టేశారు. శిరీష ఫోన్ చేసి, "బాసికాలు నువ్వే చెయ్యాలి, షాపువి నేను కట్టుకోను" అంది. సరే అన్నాను గానీ, ఫోన్ పెట్టేశాక భయం పట్టుకుంది. ఎగ్జిబిషన్ స్టాల్లో జత చెవిపోగులు అమ్మడం వేరు, పెళ్లిపీటల మీద నుదుటికి కట్టేది చెయ్యడం వేరు. ఇంతవరకు నా చెక్క నగలు ఏ శుభకార్యంలోకీ వెళ్ళలేదు. ఇంట్లోవాళ్ళకే అవి ఆటవస్తువులు. ఇది కుదిరితే నా పని పనే అనిపించుకుంటుంది. కుదరకపోతే శిరీషకి పెద్దవాళ్ళ ముందు మాటొస్తుంది, నాకు మళ్ళీ ఎవరూ ఇలాంటిది అప్పగించరు. వరి కంకులు రెండు ఎదురెదురుగా వంగినట్టు గీశాను. గింజ గింజకీ మధ్య సందు, కాడ మాత్రం వెంట్రుకంత. గియ్యడం ఎంత సుఖమో, కొయ్యడం అంత కష్టమని నాకు తెలియక కాదు.

పెళ్లికి ముందురోజు పొద్దున్న ఆరింటికి కాకినాడలో బస్సెక్కాను. పెద్దాపురం మీదుగా వెళ్ళే బస్సు, టికెట్టు ముప్ఫై రెండు రూపాయలు, గంటా ముప్పావు పట్టింది. రాజమండ్రి బస్ కాంప్లెక్స్ ఎదురుగా ఎనిమిది రూపాయలకి ఇడ్లీ దొరుకుతుంది. నేను కొనుక్కుని సగం వదిలేశాను. అక్కణ్ణుంచి మెయిన్ రోడ్డు వెనక సందుకి ఆటో పదిహేను. షీల్డులు, నేమ్ ప్లేట్లు చేసే చిన్న షాపది, తొమ్మిదింటికి గానీ తియ్యరు. మెషిన్ నడిపే సూరిబాబు గారు నిమిషానికి పది రూపాయలు తీసుకుంటారు, చెక్క మనదైనా సరే.

ఆ రోజు నన్ను చూడగానే ఆయన, "పదింటికి కరెంటు తీసేస్తారండి, మళ్ళీ పన్నెండింటికే" అన్నారు. నా సీడీలో ఫైలేమో ఆయన కంప్యూటర్లో తెరుచుకోలేదు. నాది కొత్త వెర్షన్, ఆయనది పాతది. ఎదురు ప్రెస్సుకి పరిగెత్తి, వాళ్ళని బతిమాలి పాత వెర్షన్లోకి మార్పించుకుని వచ్చేసరికి తొమ్మిదీ నలభై. మొదటి బాసికం ఆరు నిమిషాలు పట్టింది, రెండోది ఇంకో ఆరు. సన్నటి పొగ లేస్తుంటే మెషిన్ అద్దం మూత మీద మొహం ఆనించి చూస్తూ కూర్చున్నాను. ఎందుకైనా మంచిది, మూడోది కూడా కోయండి అంటుండగానే ఫ్యాను ఆగిపోయింది. "రెండొచ్చాయి కదండీ, పెళ్లికి ఇద్దరే కదా" అని నవ్వారు సూరిబాబు గారు. నాకు నవ్వు రాలేదు.

పదిన్నరకి మండపేట బస్సు దొరికింది. కడియం, ద్వారపూడి మీదుగా గంటంబావు ప్రయాణం, పదహారు రూపాయలు. కడియం వచ్చేదాకా నర్సరీలు చూడొచ్చు, కిటికీ పక్క సీటు పట్టుకోండి. నేను పట్టుకున్నాను గానీ ఒక్క మొక్కా చూడలేదు. రెండు నిమిషాలకోసారి సంచిలోంచి బాసికాలు తీసి, చూసి, మళ్ళీ లోపల పెట్టడమే సరిపోయింది. నా పక్కన గోనెసంచిలో పెద్ద పెద్ద గరిటెలు వేసుకుని ఒకావిడ కూర్చుంది. పెళ్లిళ్ళకి వంటలు చేస్తుందట, ద్వారపూడి వెళుతోంది.

"ఏంటమ్మా అది, అన్నిసార్లు చూసుకుంటున్నావు?" అంది.

"బాసికం అండి. చెక్కతో చేశాను."

ఆవిడ ఒకటి చేతిలోకి తీసుకుని, వాసన చూసి, వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. "బాగానే ఉంది గానీ, అంచులన్నీ మాడిపోయాయేంటమ్మా. పెళ్లిలో నలుపేంటి తల్లీ? వాళ్ళు ఒప్పుకున్నారా?"

లేజర్ చెక్కని కాలుస్తూ కోస్తుంది, అంచు నల్లబడక తప్పదు. రెండేళ్ళుగా ఆ నల్ల గీతే నా నగలకి అందమని చెప్పుకుని అమ్ముతున్నాను. పెళ్లి అనేసరికి అది తప్పవుతుందేమోనని నాకు తట్టనే లేదు, నా మొహం. ఆవిడ ద్వారపూడిలో దిగిపోయింది. చెక్క నునుపు చేసుకునే ఉప్పు కాగితం ఎప్పుడూ నా సంచిలో ఉంటుంది. చిన్న ముక్క చింపి, ఒక బాసికం అంచు మెల్లగా రుద్దడం మొదలుపెట్టాను. నల్లటి పొడి రాలి లోపలి తెల్లచెక్క బయటపడుతుంటే ప్రాణం కాస్త కుదుటపడింది. సగం పైగా అయ్యాక బస్సు స్పీడ్ బ్రేకర్ ఎక్కి దూకింది. టక్కుమని చిన్న చప్పుడు. ఒక కంకి కాడ దగ్గర విరిగి నా ఒళ్ళో పడింది.

మండపేటలో దిగాక రిక్షా పది రూపాయలు. పెళ్లివారిల్లు ఎక్కడని ఎవర్నీ అడగక్కర్లేకపోయింది, మైకు వినిపిస్తూనే ఉంది. దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. శిరీష వాళ్ళ అమ్మమ్మగారు చావిట్లో చాప మీద కూర్చుని తమలపాకులు తుడుస్తున్నారు. శిరీష చేతులకి గోరింటాకుతో పక్కనే ఉంది. రెండు బాసికాలూ చాప మీద పెట్టి, "బస్సు కుదుపుకి ఒకటి విరిగిపోయిందండి" అన్నాను. అది అబద్ధం కాదు, నిజమూ కాదు.

అమ్మమ్మగారు కళ్ళజోడు పెట్టుకుని రెండూ పక్కపక్కన పట్టుకున్నారు. "దీని అంచు నల్లగా, దాని అంచు తెల్లగా ఉందేంటమ్మా?"

ఆవిడ నా వేళ్ళు చూశారు. గోళ్ళ నిండా నల్లపొడి.

"గీకావు కదూ."

"అవునండి. పెళ్లికి నలుపు పనికిరాదని బస్సులో ఒకావిడ అన్నారు. భయమేసింది. చెప్పడానికి సిగ్గేసి కుదుపు మీదకి తోసేశాను" అని మొత్తం చెప్పేశాను. చెబుతుంటే ఏడుపు ఆగలేదు, అదీ రాస్తున్నాను.

"పెళ్లికూతురి బుగ్గన చుక్క ఏ రంగు పెడతామే? కాటుకే కదా. దిష్టికి మనమే పెడతాం నలుపు" అన్నారావిడ, ఆకులు తుడవడం ఆపకుండా. "నలుపుకి నేనేమీ అనేదాన్ని కాదు. విరిగింది మాత్రం పీటల మీదకి రానివ్వను. నేను షాపులో ఒక జత కొనే ఉంచాను, నువ్వు బాధపడకు." శిరీష నా వంక చూసి తల దించుకుంది. తిట్టినా ఇంత బాధుండేది కాదు. నా చేతులారా నేనే పాడుచేసుకున్నాను, అదీ తప్పు లేని చోట.

మధ్యాహ్నం పన్నెండుంబావు అయింది. భోజనం చేసి వెళ్ళమన్నా వినకుండా బయటకొచ్చి సూరిబాబు గారికి ఫోన్ చేశాను. కరెంటు ఉంది, రెండింటికి మళ్ళీ పోతుంది. నేను చేరేసరికి రెండు అవ్వచ్చు.

"ఫైలు మీ దగ్గరుంది, మిగిలిన చెక్కా అక్కడే ఉంది. నేను రాకముందే ఒకటి కోసి ఉంచండి, మీకు దండం పెడతాను."

"ఆయ్, అలాగేనండి. ఈసారి చెక్కకి పేపర్ టేపు అంటించి కోయమంటారా? నలుపు బాగా తగ్గుతుందండి."

"పొద్దున్న ఎందుకు చెప్పలేదండీ?"

"మీరడగలేదు కదండీ."

లోపల అమ్మమ్మగారి దగ్గరున్న మంచి బాసికం అంచు నల్లగా ఉంది. దానికి జోడీ కావాలి. "వద్దండి. పొద్దున్న ఎలా కోశారో అలాగే కోయండి" అన్నాను. ఆ రోజు మొత్తంలో నేను వణక్కుండా చెప్పిన మాట అదొక్కటే.

రెండూ పదికి షాపు చేరాను. కరెంటు అప్పటికే పోయింది. మెషిన్ పక్కన న్యూస్‌పేపర్లో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి ఉంది. విప్పబోతే సూరిబాబు గారే, "బాగానే వచ్చిందండి, విప్పకండి, బస్సుకెళ్ళండి" అన్నారు. నాలుగింటికల్లా మళ్ళీ మండపేటలో ఉన్నాను. అమ్మమ్మగారు పొట్లం విప్పి చూశారు, బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. షాపులో కొన్న జతా, నా జతా ఒకే పెట్టెలో పెట్టి తాళం వేశారు.

మర్నాడు పొద్దున్న పది దాటాక పంతులుగారు బాసికాలు అడిగారు. నేను స్తంభం పక్కన నిలబడి అమ్మమ్మగారి చేతులే చూస్తున్నాను. ఆవిడ ఒళ్ళో రెండు కవర్లు ఉన్నాయి. పైనున్నది షాపుది. దాన్ని తీసి, పక్కన పెట్టి, కిందది అందించారు. "ఇదేంటండీ, చెక్కా?" అన్నారు పంతులుగారు. "చెక్కేనండి, కట్టండి" అన్నారావిడ. పెళ్లికొడుకు తరఫున ముందు వరసలో ఉన్న పెద్దావిడ మెడ చాచి చూసి, "అంచులు నల్లగా ఉన్నాయేంటి వదినగారూ?" అని అందరికీ వినపడేలా అడిగింది. అమ్మమ్మగారు నా వైపు చూడను కూడా లేదు. "కావాలనే అలా చేయించామండి" అన్నారు. శిరీష నుదుటి మీద బాసికం పెట్టి, తల వెనక దారం ముడి వేశారు.

ఇంటికొచ్చి ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నా నాకింకా దడగానే ఉంది. మెషిన్ వల్ల గానీ, కరెంటు వల్ల గానీ నాకు నష్టం జరగలేదు. రెండేళ్ళు నమ్మి చేసిన పనిని దారిలో ఎవరో ఒక మాట అనగానే వదిలేసుకున్నాను. అసలు ఎవరికోసం చేశానో వాళ్ళని ఒక్క మాట అడగలేదు. ఆ వంటలావిడ మీద నాకేం కోపం లేదు. ఆవిడ అడిగింది, అంతే. సమాధానం నా దగ్గర ఉండాల్సింది. అమ్మమ్మగారి దగ్గర దొరికింది.

రాజమండ్రి వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. కరెంటు వేళలు ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి, అది అందరూ చెబుతారు. నేను చెప్పేది ఇంకోటి: కోసింది పొట్లం కట్టించుకున్నాక, ఇవ్వాల్సినవాళ్ళ ఇల్లు చేరేదాకా విప్పకండి. విప్పితే చూడాలనిపిస్తుంది. చూస్తే దిద్దాలనిపిస్తుంది.