పలక మీద భోజనం

ఇరవై రెండేళ్లప్పుడు లోకమంతా తెలుసనుకోవడానికి మనిషికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. ఆ రోజుల్లో నేను అచ్చం అలాంటిదాన్నే. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే నాయన కూతుర్ని, పై చదువుకని వేల్స్ దాకా వెళ్లినదాన్ని, ఇక నాకు తెలియనిదేముంటుంది? (వాషింగ్ మెషిన్‌లో గిన్నెల సబ్బు పోసి వరండా అంతా నురగ చేసిన సంగతి వేరే.) అక్కడ ఇళ్ల కప్పులన్నీ మన పలకరాయే. "నాయనా, ఈడ ఇళ్లు కూడా బడికి పోతాండయి" అని ఫోన్‌లో ఒకటే నవ్వాను.

ఖర్చులకని ఆదివారాలు ఒక చిన్న హోటల్లో వడ్డించే పనికి వెళ్లాను. యజమానురాలు పెద్దావిడ. వంటకం సిద్ధం కాగానే ఇత్తడి గంట ఠంగుమని కొట్టేది కాబట్టి నేను గంటమ్మ అని పేరు పెట్టుకున్నాను. "ఈ పూట చూస్తాను, నచ్చితేనే పని" అని వెళ్లగానే చెప్పేసింది. ఆ ఊళ్లో ఇంకో పని దొరకదని సీనియర్లు ముందే బెదిరించి ఉన్నారు. మొదటి గంట మోగింది. వెళ్లి చూద్దును కదా, నల్లటి పలక! చెక్క చట్రం ఒక్కటే తక్కువ. దాని మీద కాల్చిన మాంసం, పక్కన కారుతున్న సాస్. అమ్మో! కాలు తగిలితే కళ్లకద్దుకున్న పలక అది. సరస్వతీదేవి మీద మాంసం వడ్డించడానికి చేతులెలా వస్తాయి? గబగబా అంతా పింగాణీ పళ్లెంలోకి మార్చి, పలక కడిగి, కళ్లకద్దుకుని గోడకు ఆనించాను. అలా నాలుగు పలకలను కాపాడి వెనక్కి తిరిగితే గంటమ్మ నిలబడి ఉంది.

"ఏం చేస్తున్నావమ్మాయ్?" అంది. మా ఊళ్లో ఇది దేవత అనీ, చదువుల తల్లి అనీ వచ్చీరాని ఇంగ్లీషులో పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. ఆవిడ మెత్తబడి, "అయితే గుమ్మం ముందు పలక మీద ఇవాళ్టి వంటకాల పేర్లు నువ్వే రాయి" అని సుద్దముక్క చేతికిచ్చింది. ముత్యాల్లా రాశాను. 'సూప్' దగ్గర ఒక అక్షరం తప్పింది. గుడ్డ అందలేదు. అంతే, ఒకటో తరగతి అలవాటు పొంగుకొచ్చింది. తుపుక్కున ఉమ్మి, మోచేత్తో తుడిచేశాను.

"దేవతా?" అంది వెనక నుంచి గంటమ్మ.

పని గోవిందా అనుకున్నాను. ఆవిడ కడుపు పట్టుకుని నవ్వి, లోపలి నుంచి ఒక అట్టపెట్టె తెచ్చి చూపించింది. "మా వేల్స్ రాయి ఖరీదు నేను భరించలేను. ఈ పలకలు మీ దేశానివే" అంది. పెట్టె మీద మార్కాపురం అని ఉంది! "వచ్చే వారం వీటి మీదే వడ్డిస్తానంటే రా, లేకపోతే వద్దు" అని తేల్చేసింది.

బయటికొచ్చి నాయనకు వీడియో కాల్ చేసి, ఉమ్మి తుడిచిన సంగతితో సహా అంతా చెప్పి పెట్టె చూపించాను. "ఓయబ్బ! అవి మేం కోసినయ్యే పాపా. కింద రబ్బరు బిళ్లలు ఎందుకు అంటిస్తాండారో తెలవక, పిలకాయలు రాసేటప్పుడు జారకుండా ఏమో అనుకుంటిమి. దాని మీద కూడు తింటారా?" అన్నాడు. నాకు భయమేసి, "పని మానేద్దునా నాయనా?" అన్నాను.

"ఎందుకు మానేది? నేను కోసిన రాయి మీద నువ్వు నలుగురికి అన్నం పెడతాంటివి, దాంట్లో తప్పేంది? ఆ ఉమ్మేది మాత్రం మానుకో. చిన్నప్పటి నుంచీ చెప్తానే ఉండా."

అక్కడున్న రెండేళ్లూ ప్రతి పలకా కళ్లకద్దుకునే వడ్డించాను. గంటమ్మ చూడనట్టు నటించేది.

ఇప్పుడు గిద్దలూరులో కాలేజీ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. డస్టర్ కనపడని రోజున వేలు దానంతటదే నోటిదాకా వెళ్తుంది. ఉలిక్కిపడి తలుపు వైపు చూస్తాను. అక్కడ ఎవరూ ఉండరు. "దేవతా?" అని ఒక్కసారి గంటమ్మ అడిగితే ఎంత బాగుండు!