హవల్దార్‌గారు చదివించిన లెక్కలు

మొన్న రాయచూరు గంజ్‌లో శనగకాయల బస్తాలు తూస్తున్నారు. కాంటా దగ్గర నిలబడ్డ గుమాస్తా బరువులు పైకి చదువుతుంటే పక్కవాడు రాసుకుంటున్నాడు. ఆ గొంతు చెవిన పడగానే నా కాళ్ళు ఆగిపోయాయి. బియ్యం కోసం వెళ్ళినదాన్ని, ఆ పని మరిచిపోయి బస్తాల మధ్య నిలబడి అంకెలు వింటూ ఉండిపోయాను. నాకు లెక్కలు అలా పైకి చదవడం నేర్పింది హవల్దార్ ఈరన్నగారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

నాన్నకు కరెంటు ప్లాంటులో ఉద్యోగం కావడంతో మేం కృష్ణా జిల్లా నుంచి రాయచూరు దగ్గరి శక్తినగర్ కాలనీకి వచ్చాం. బీకాం కాగానే, ప్లాంటు నుంచి బూడిద తోలే లారీల కాంట్రాక్టరు ఆఫీసులో నేను గుమాస్తాగా చేరాను. అక్కడ ఈరన్నగారు అకౌంటెంటు. పక్కనున్న గిల్లేసూగూరు మనిషి. సైన్యంలో స్టోర్సు లెక్కలు చూసి, రిటైరై వచ్చి ఇక్కడి లెక్కల్లో కూర్చున్నారు. యూనిఫాం పోయినా ఇస్త్రీ మడత పోలేదు. మా అందరి నెత్తినా బూడిద పడేది గానీ, ఆయన బూట్ల మీద వాలడానికి దానికీ భయమే.

చేరిన రోజున కాంట్రాక్టరు లోపలికి రాగానే నేను కుర్చీ చప్పుడయ్యేలా లేచి నిలబడ్డాను. అందరూ ఆయన్ని సావుకారు అనేవారు. ఆయన వెళ్ళాక ఈరన్నగారు నా వైపు తిరిగారు.

“ఎందుకు లేస్తివి బిడ్డా?”

“పెద్దాయన కదండీ.”

“డ్యూటీ మీదున్నోడు లేవద్దు. చేతిల పనున్నది గద, గదే సలాం.”

ఆ ఒక్క మాటతో నా బెరుకు సగం వదిలింది. మిగతా సగం రోజూ చదివించి వదలగొట్టారు. పొద్దున్నే పద్దులు నేను పైకి చదవాలి, ఆయన తన కాపీ మీద ఎర్ర పెన్సిలుతో టిక్కులు పెట్టుకుంటూ పోవాలి. గొంతు తగ్గిందా, “పరేడ్ల ఆఖరోడికి ఇనపడాల” అనేవారు. నిద్రలో కూడా అంకెలు అరుస్తున్నానని అమ్మ నెత్తి కొట్టుకునేది. ఇదంతా మిలిటరీ క్రమశిక్షణ అనుకుని, లోలోపల తిట్టుకుంటూనే చదివేదాన్ని.

ఆ ఏడు వర్షాకాలంలో, ఆయన కాపీని బీరువాలో సర్దబోతూ చూశాను. టిక్కులు అంకెల పక్కన లేవు. కొన్ని ఖాళీ గీతల మీద, కొన్ని అంచుల్లో పడి ఉన్నాయి. ఆయనకు అక్షరం కనిపించడం లేదు. నా చదువు విని, మనసులో కూడికలు వేసుకుని నెట్టుకొస్తున్నారు. ఆ జీతం మీదే మనవరాలి నర్సింగు చదువు నడుస్తోందని నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు. మర్నాటి నుంచి ఇంకాస్త గట్టిగా చదివాను.

తర్వాత నాకు జ్వరం వచ్చి కొన్నాళ్ళు ఆఫీసుకు వెళ్ళలేదు. తిరిగి వెళ్ళేసరికి డ్రైవరు మహబూబ్ గేటు బయట కూర్చుని ఉన్నాడు. డీజిలు అమ్ముకున్నాడని సావుకారు లారీ తాళాలు లాక్కున్నారట. లోపలికెళ్ళి డీజిలు చీటీలు తీసి చూస్తే విషయం తేలిపోయింది. వేరే లారీ డీజిలు మహబూబ్ లారీ పద్దులో ఎక్కింది. నేను లేని రోజుల్లో ఈరన్నగారు ఒక్కరే రాసిన పద్దు అది.

ఆయన చెవిలో మెల్లగా చెప్పాను. ఆయన చేతిలో పెన్సిలు బల్ల మీద పెట్టేశారు.

“లారీ నంబర్ల పట్టీ నేనే తప్పుగా రాసిపెట్టి వెళ్ళానని చెప్పేస్తానండి. కొత్తదాన్ని, నాలుగు తిట్టి ఊరుకుంటారు. మీ కళ్ళ సంగతి ఎవరికీ తెలియక్కర్లేదు.”

“నీకు ఎర్కేనా?”

తలూపాను. ఊపితే ఆయనకు కనిపించదని గుర్తొచ్చి, “తెలుసండి” అన్నాను.

ఆయన నవ్వారు. “మంచి దోస్తువే. కానీ పహరా మీద కండ్లు పోతే పక్కోనికి చెప్పి దాస్కోవద్దు బిడ్డా. పై ఆఫీసరుకి చెప్పాల. లేకుంటే ఎనక పండుకున్నోళ్ళు చస్తరు. గా మహబూబ్ చూడు, ఏం తప్పు చేసిండని బయట కూసున్నడు?”

లేచి చొక్కా సర్దుకుని సావుకారు గదిలోకి వెళ్ళారు. తలుపు తెరిచే ఉంది.

“మహబూబ్ తప్పు లేదు సావుకార్. తప్పు నాది. నాకు కండ్లు కానొస్తలేవు. శానా దినాలాయె, చెప్పకపోతి.”

సావుకారు చెడ్డవాడేం కాదు. “పోనీ కూసోండి హవల్దార్ సాబ్. ఆ పిల్ల రాస్తది, మీరు పక్కన ఉండుండ్రి” అన్నారు.

“కానరాని పహరా ఒద్దు. ఆమెకి పని ఒచ్చింది, నా కుర్సీ ఆమెకియ్యండ్రి. ముందుగాల మహబూబ్‌కి తాళాలియ్యండ్రి.”

తాళాల చప్పుడు విన్నాకే ఆయన బయటికి వచ్చారు. మనవరాలి చదువు ఆగలేదు. ఎలా నడిపారో ఆయన చెప్పలేదు, అడిగే ధైర్యం నాకూ లేకపోయింది.

ఆ సాయంత్రం బస్సు దాకా దిగబెడతానని చెయ్యి పట్టుకోబోయాను. ఏడుపు ఆగడం లేదు. ఆయన చెయ్యి విడిపించుకుని, నా వెనక్కి వచ్చి భుజం మీద అరచెయ్యి వేశారు.

“చీకట్ల మేం గిట్లనే పోయెటోళ్ళం, ముందున్నోని భుజం పట్టుకొని. ఏడ్సుకుంట నడిస్తే అడుగు తప్పుతది. సక్కగ నడువు.”

లారీలు, బూడిద, గేటు దగ్గర చూస్తున్న జనం. వాళ్ళందరి మధ్య నుంచి ఆయన్ని నా వెంట నడిపించుకుపోయాను.

ఇప్పుడు నా కింద నలుగురు పనిచేస్తున్నారు. నా చేతిలో తప్పు జరిగిన రోజున పై అధికారి గది దాకా వెళ్ళాలంటే ఇవాళ్టికీ అడుగు ముందుకు పడదు. అప్పుడు భుజం మీద ఆ చెయ్యి బరువు తెలుస్తుంది. నడుస్తాను.