ఉలిగప్ప కుడిచెయ్యి

పెనుకొండ బేల్దారి ఉలిగప్ప పెళ్లయిన నాటి నుంచి భార్యను ఎత్తుకునే తిరిగాడు. హనుమక్కకు చిన్నప్పుడే పోలియో వచ్చి కాళ్లు చచ్చుబడ్డాయి. పొద్దున్నే ఆమెను బజారులోని కుట్టు అంగడిలో దించి, తను గోడల పనికి పోయేవాడు. మూడు చక్రాల బండి కొందామని ఆమె ఎన్నోసార్లు అడిగింది. "నేనుండంగా బండి యాలమే?" అనేవాడు.

2003 వానాకాలంలో ఇద్దరూ సోమందేపల్లికి పెళ్లికి పోయారు. బస్సు దిగేటప్పుడు తడి మెట్టు మీద ఉలిగప్ప కాలు జారింది. చేతుల్లోంచి జారిపోతున్న హనుమక్కను, వంచిన కుడిచేత్తో ఒక్క ఊపున ఆపాడు. మోచేతి మడతలో ఏదో ఫట్టుమంది. ఆమెను మెల్లగా నేల మీద కూర్చోబెట్టాకే తను కూలబడ్డాడు.

సాయంత్రానికి మోచెయ్యి కమిలిపోయింది. జబ్బ కండ భుజం వైపుకు ఉండలా చుట్టుకుంది.

"చెయ్యి వంగుతాండాది కదా, కట్టు కట్టిస్తే సరిపోతాది" అన్నాడు.

"యాదీ, ఆ చేత్తో ఈ తాళంచెవి తిప్పు" అంది హనుమక్క. తిప్పలేకపోయాడు. తెల్లారగానే ఆటో పిలిపించి, ఆమే అతన్ని హిందూపురం తీసుకుపోయింది.

ఎముకల డాక్టరు రాజశేఖర్ అతని ఎడమ మోచేతి మడతలో వేలు కొక్కెంలా పెట్టి చూశాడు. గట్టి తాడు తగిలింది. కుడివైపు వేలికి ఏమీ దొరకలేదు.

"కండను ముంజేతి ఎముకకు పట్టి ఉంచే తాడు ఊడిపోయింది. కింద ఇంకో కండ ఉంది కాబట్టి చెయ్యి వంగుతోంది. అరచెయ్యి వెల్లకిలా తిప్పే బలం మాత్రం ఎక్కువగా దీనిదే. ఆలస్యమైతే పైకి ముడుచుకుని అక్కడే అతుక్కుపోతుంది. కోసి, మళ్లీ ఎముకకు బిగించాలి. పక్కనే నరాలున్నాయి, జాగ్రత్తగా చేస్తాం."

బయటికి రాగానే హనుమక్క ఏడ్చింది. "నన్ను ఎత్తుకోబట్టే కదా మామా!"

"నిన్ను ఇడిసింటే నేను ఏడుస్తాంటి" అన్నాడు ఉలిగప్ప.

ఆపరేషన్ బాగానే జరిగింది. ముంజేతి బయటివైపు కాస్త మొద్దుబారింది, అంతే. కొన్నాళ్లు బరువులు ఎత్తకూడదన్నారు. హనుమక్క నేల మీద దేకుతూనే వండింది, ముద్దలు కలిపి తినిపించింది, చొక్కా గుండీలు పెట్టింది. అతనికి సిగ్గేసింది.

"ఇన్నేండ్లు నువ్వు మోసినావు. నన్నూ కొంచెం చెయ్యనియ్యి" అందామె.

అప్పుడే హనుమక్క అడుగుతూ వచ్చిన మూడు చక్రాల బండి కూడా కొన్నారు. చేతులతో తిప్పుకుంటూ తనంతట తనే అంగడికి పోయింది. దారిలో ఆగి కూరగాయలు బేరమాడింది.

మరుసటి ఎండాకాలానికి ఉలిగప్ప మళ్లీ తాపీ పట్టాడు. ఒక పొద్దున ఆమెను ఎత్తుకుని బజారు దారి పట్టబోతే, "బండి కాడ దించు చాలు" అంది. దించాడు. దారిలో మిట్ట ఎక్కేటప్పుడు బండి వెనక చెయ్యేసి నడిచాడు.

"తోస్తాండావా?"

"లేదు మే, ఊరికే చెయ్యేసినా."

తోస్తూనే ఉన్నాడు.