కిటికీ దగ్గర మొదటి చెంచా

గురువారం పొద్దున కాఫీ కలుపుకుంటుండగా ఫోను టింగుమంది. ఈ వయసులో నాకు క్రమం తప్పకుండా ఈమెయిళ్ళు పంపేవాళ్ళు ఇద్దరే, ఒకరు కరెంటు కంపెనీవాళ్ళు, రెండోవాళ్ళు ఆక్లాండ్‌లో మౌంట్ ఆల్బర్ట్ పేటలో వీధి మూలనున్న డెలీవాళ్ళు. మొదటివాళ్ళది తెరవబుద్ధి కాదు, రెండోవాళ్ళది తెరవకుండా ఉండలేను. మేము ఆ పేట వదిలి వెల్లింగ్టన్ పక్కనున్న ఈ లోవర్ హట్ వచ్చేసి చాలా ఏళ్ళయింది, ఆ కొట్లో చీజు ముక్క కొని కూడా అన్నేళ్ళే అయింది, అయినా వాళ్ళు పంపే ఆ వారం వంటకమూ, పేట కబుర్లూ చదివితేగాని నాకు కాఫీ గొంతు దిగదు. ఈ వారం వంటకం ఫీజోవా పచ్చడి. తీరిగ్గా చదువుకుంటూ వచ్చి చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. కాఫీ చల్లారిపోయింది.

ఆ వాక్యం సంగతి చెప్పాలంటే ముందు ఆ కొట్టు సంగతి చెప్పాలి. డెలీ అంటే చీజులు, ఆలివులు, బ్రెడ్డు, మాంసం, ఆ పూట వండిన సూపులూ కూరలూ అమ్మే కొట్టు. మన వైపు కర్రీ పాయింటునూ కిరాణా కొట్టునూ కలిపి, దానికో గంట కట్టిన తలుపు పెడితే ఎలా ఉంటుందో అలా ఉండేది. మా ఆయన సాఫ్ట్‌వేరు ఉద్యోగం మీద మేమిద్దరం కాకినాడ నుంచి ఆక్లాండ్ వచ్చినప్పుడు, ఆ కొట్టుకు ఎదురుగా ఉన్న ఫ్లాట్‌లో దిగాం. మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఇంటికి ఫోను చెయ్యాలంటే కార్డు కొని, గోటితో గీకి, ఆ పొడవాటి నంబరంతా నొక్కి, అమ్మ గొంతు వినబడేసరికి ఏం మాట్లాడాలో మరచిపోయే రోజులవి.

ఏడాది తిరగకుండానే మా ఆయన కంపెనీ మూతపడింది. ఆయన ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. ఊళ్ళో టీచరుగా చేసిన నేనూ తిరిగాను. ఎక్కడికి వెళ్ళినా ఒకటే ప్రశ్న, న్యూజిలాండ్‌లో పని చేసిన అనుభవం ఉందా అని. పని ఇస్తేగదా అనుభవం వచ్చేది! పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదన్నట్టు తయారైంది మా వ్యవహారం. ఆ చలికాలం గడిచేలోగా ఇద్దరిలో ఒకరికైనా పని దొరక్కపోతే సామాను సర్దుకుని వెనక్కి పోదామని నిశ్చయించుకున్నాం. నాకు వెనక్కి పోవాలని లేదు. ఓడిపోయి వచ్చారన్న మాట మా వాళ్ళు అనకపోయినా, వాళ్ళ మొహాల్లో చదువుకునే ఓపిక నాకు లేదు.

అలాంటి రోజుల్లో ఎదురు కొట్టు అద్దం మీద మనిషి కావాలన్న కాగితం కనిపించింది. కొట్టు యజమానురాలు అరవై దాటిన పెద్దావిడ. కొత్త పెళ్ళికూతురిగా క్రొయేషియా సముద్రతీరం నుంచి ఇంగ్లీషు ముక్క రాకుండా ఇక్కడికి వచ్చిందట. భర్తతో కలిసి ఆ కొట్టు పెట్టింది, ఆయన పోయాక ఒక్కతే నడుపుకొస్తోంది. ఆవిడ నన్ను అనుభవం గురించి అడగలేదు, ఉల్లిపాయలు తరగడం వచ్చా అని అడిగింది. చలికాలం చివరిదాకా చేసి చూడు, నచ్చితే ఉందువుగాని అంది. తనను పేరు పెట్టి పిలవమంది గాని, అమ్మ వయసు మనిషిని పేరుతో పిలవడానికి నా నోరు తిరగదు కదా, ఆంటీ అన్నాను. కొట్టుకొచ్చే మావోరీ ఆడవాళ్ళు, అంటే ఈ దేశపు మూలవాసులు, అది విని ముచ్చటపడ్డారు, వాళ్ళలోనూ పెద్దవాళ్ళను అలాగే పిలుస్తారు. చూస్తుండగానే ఆవిడ పేటంతటికీ ఆంటీ అయిపోయింది.

ఆంటీ ప్రతి గురువారం ఒక కాగితం అచ్చు వేయించి, కొన్నవాళ్ళ సంచుల్లో తలా ఒకటి పెట్టేది. ఒకవైపు ఆ వారం వంటకం, రెండోవైపు పేట కబుర్లు. ఎవరి పిల్లి తప్పిపోయింది, ఎవరి మోకాలికి ఆపరేషన్ అయింది, ఎవరింటికి మనవరాలు పుట్టింది, ఏ వీధిలో నిమ్మకాయలు విరగకాశాయి, అన్నీ అందులోనే. ఇంగ్లీషు నేర్చుకోవడానికి కొత్తలో భర్తే ఆ అలవాటు చేయించాడని చెప్పేది. నేను చేరిన వారం కాగితంలో ఇండియా నుంచి వచ్చిన అమ్మాయి మా వంటింట్లో చేరింది, పలకరించండి అని వేసింది. నిజంగానే పలకరించారు. ఏడాదిగా ఆ వీధిలో ఉంటున్నా నాకు ఎవరూ తెలియదు, ఆ వారం తర్వాత కుక్కలతో సహా అందరూ తెలుసు.

అంతా బాగానే ఉంది గాని, నా దగ్గరే ఒక చిక్కు వచ్చిపడింది. మా అమ్మమ్మ మడి కట్టుకుని వండేది. దేవుడికి పెట్టకముందు వంటను నోట పెట్టడం మా ఇంట్లో లేదు. మూత తీసి ఒక్కసారి వాసన చూస్తే పులుసులో ఉప్పు తగ్గిందో చింతపండు పెరిగిందో మా ఇంటి ఆడవాళ్ళకు తెలిసిపోయేది. చిన్నప్పుడు గిన్నె దగ్గర చేరి ఎలా ఉందని అడిగితే, తినబోతూ రుచులెందుకే అని తరిమేవారు. డెలీలో నియమం సరిగ్గా దీనికి ఎదురు. వండినవాళ్ళు ముందు రుచి చూడాలి, ఆ తర్వాతే అమ్మాలి. నేను శాకాహారినని, మాంసం ముట్టనని ఆంటీ ఇట్టే ఒప్పుకుంది. నేనే వండిన పప్పు సూపును నేనే నోట పెట్టనంటే మాత్రం ఆవిడకు బోధపడలేదు.

ఒకరోజు మధ్యాహ్నం, రోజూ వచ్చే రిటైరైన బస్సు డ్రైవరు అంకుల్ సూపు ఎలా ఉందమ్మా అని అడిగాడు. మనకు అబద్ధం రాదాయె. తెలియదండీ, నేను తినలేదు అని వినయంగా చెప్పాను. ఆయన నన్ను చూశాడు, గిన్నెను చూశాడు, బ్రెడ్డు మాత్రం కొనుక్కుని వెళ్ళిపోయాడు. ఆయన వెనక నిలబడ్డవాళ్ళూ సూపు ఊసెత్తలేదు. ఆంటీ నన్ను లోపలికి పిలిచింది. నేను ఎంగిలి అన్నమాటను ఇంగ్లీషులో చెప్పడానికి నానా తంటాలూ పడ్డాను. ఆవిడ ఓపిగ్గా విని, దానికేం, ప్రతిసారీ కడిగిన చెంచా ఇస్తాను కదా అంది. చెంచాతో పోయేదైతే ఇంత బాధెందుకు! చివరికి నన్ను పొయ్యి దగ్గర నుంచి బ్రెడ్డు కోసే బల్ల దగ్గరికి మార్చి, చూద్దాం అంది. ఏ భాషలోనైనా ఆ చూద్దాం అర్థం ఒకటే.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన నవ్వారు.

"ఒక్క స్పూన్ టేస్ట్ చేస్తే ఏం పోతుందే? నీ దేవుడికి ఇక్కడ వీసా కూడా లేదు."

నాకు ఒళ్ళు మండింది. ఆ రాత్రి ఆయనకు చారు పొయ్యలేదు.

చలికాలం నడిమధ్యలో ఆంటీకి పెద్ద జ్వరం పట్టుకుంది. కొట్టు కొన్నాళ్ళు మూశాం. లేచి వచ్చాక మనిషి బాగానే ఉంది గాని వంట తిన్నగా లేదు. ఒకరోజు సూపు ఉప్పుకషాయం, మరో రోజు చప్పటి నీళ్ళు. బ్రెడ్డు కోస్తున్న నాకు అక్కడిదాకా వాసన తెలిసిపోతోంది. బస్సు డ్రైవరు అంకుల్ పాపం మర్యాదస్తుడు, సగం గిన్నె మిగిల్చి ఇవాళ ఆకలి లేదనేవాడు. ఆయన ఆకలి లేదనడం ఆ పేటలో ఎవరూ ఎరగరు. రెండేసి మూడేసి రోజులకొకరు చొప్పున పాత మొహాలు కనిపించడం మానేశాయి.

అప్పుడొకనాటి ఉదయం పొయ్యి మీద పాలు అడుగంటాయి. కమురు వాసన వీధి దాకా కొడుతోంది. నేను పరుగెత్తుకెళ్ళేసరికి, ఆంటీ ఆ పొయ్యి పక్కనే నిలబడి నింపాదిగా ఆలివులు వడకడుతోంది. పొయ్యి ఆర్పాను. ఆవిడ గిన్నె వంక చూసింది, నా వంక చూసింది, మెల్లిగా పళ్ళ పెట్టె బోర్లించి దాని మీద కూలబడింది.

"జ్వరం వచ్చినప్పటి నుంచి నాకు ఏ వాసనా తెలియడం లేదమ్మా, రుచీ తెలియడం లేదు," అంది. "కాఫీ వేడినీళ్ళలా ఉంది. మా ఆయన స్వెటరొకటి దాచుకున్నాను. అందులో ఆయన వాసన కూడా రావడం లేదు."

అవి తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడట డాక్టరు. రుచి తెలియనిదాన్ని, జనానికి ఏం పెడతాను, కొట్టు అమ్మేస్తాను అంది. ఆవిడ ఏడవలేదు. నాకే ఏడుపొచ్చింది. నా ఉద్యోగం పోతుందని కాదు, కాదంటే అబద్ధమే, అది కూడా కొంత. కాని అంతకంటే, పరాయి దేశంలో నన్ను అనుభవం ఉందా అని అడగకుండా ఉల్లిపాయలిచ్చిన చెయ్యి అలా ఒళ్ళో ఊరికే పడి ఉండటం చూడలేకపోయాను.

పొయ్యి మీద పప్పు సూపు ఉడుకుతోంది. ఒక సాసరు కడిగాను. మొదటి చెంచా అందులో వేసి, వంటింటి కిటికీ గట్టు మీద పెట్టాను. ఆ ఇరుకు వంటింట్లో శుభ్రంగా ఉన్న చోటు అదొక్కటే, అక్కడ ఆంటీ తన భర్త ఫొటో పెట్టుకుంది. స్వామీ, ఇక్కడ గంట లేదు, దీపం లేదు, ఉన్నదిదే, ముందు నువ్వు తీసుకో అని మనసులో అనుకున్నాను. తర్వాత ఇంకో చెంచాతో తీసి, నిలువుకాళ్ళ మీద, వంటింట్లో, జీవితంలో మొదటిసారి పొయ్యి మీద ఉడుకుతున్నది నోట పెట్టుకున్నాను. దేవుడికి పెట్టాకే తిన్నాను కనుక అమ్మమ్మకు జవాబు చెప్పుకోగలను. ఉప్పు సరిపోయింది ఆంటీ, పులుపే చాలలేదు అన్నాను. ఆవిడ లేచి నిమ్మకాయ కోసింది.

అలా కుదిరింది మా కాపురం. ఆవిడ చేతులు, నా నాలుక. మాంసం వంటలకు నా ముక్కు చాలినంతవరకు చాలేది, చాలనప్పుడు బస్సు డ్రైవరు అంకుల్‌ను పిలిచేవాళ్ళం. ఆంటీ ఆయనకొక్కడికే సంగతి చెప్పింది. ఆయన ఏప్రన్ కట్టుకుని, కొత్తల్లుడిలా కుర్చీ వేసుకుని కూర్చుని, ఈ దేశం తన మీదే ఆధారపడి ఉన్నట్టు గంభీరంగా రుచి చూసేవాడు. వెళ్ళిపోయినవాళ్ళు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. చలికాలం ఎప్పుడు గడిచిందో మేము చూసుకోలేదు. సామాను సర్దే మాట మా ఇంట్లో మళ్ళీ రాలేదు, మరికొన్నాళ్ళకు మా ఆయనకూ ఉద్యోగం దొరికింది.

ఆ సాసరు ఎవరికని ఆంటీ చాలా రోజుల తర్వాత అడిగింది. తినే ముందు ఒకరికి ఇవ్వాలి ఆంటీ, మన దగ్గర లేనివాళ్ళకు అన్నాను. నాకొచ్చిన ఇంగ్లీషులో దేవుడు అంతవరకే పట్టాడు. ఒకనాడు నేను ఆలస్యంగా వెళ్ళేసరికి కిటికీ గట్టు మీద సాసరు ఉంది, అందులో కూర వేడిగా పొగలు కక్కుతోంది, ఫొటో కాస్త దగ్గరికి జరిపి ఉంది. సాయంత్రం అది పిచ్చుకలకు పోయేది. ఆవిడకు రుచి కొంత తిరిగొచ్చింది గాని, పూర్తిగా ఎప్పుడూ రాలేదు.

మరుసటి ఏడు చలి మొదలవకముందు ఫీజోవాల కాలం వచ్చింది. కోడిగుడ్డంత ఆకుపచ్చటి పండు, మన జామకు దూరపు చుట్టం. ప్రతి గేటు ముందూ బుట్టలు పెట్టి ఊరికే పట్టుకుపొమ్మంటారు, పట్టుకుపోకపోతే నొచ్చుకుంటారు. ఆ పుల్లటి గుజ్జు చూస్తే నా చెయ్యి ఊరుకుంటుందా! పచ్చిమిరపకాయలు వేయించి, ఆవాలు, మెంతులు, ఇంగువ పోపు పెట్టి పచ్చడి నూరాను. గురువారం కాగితంలో వేద్దామని ఆంటీ పట్టుబట్టింది. ఉప్పు ఎంత అంటే తగినంత అన్నాను. తగినంత అంటే ఎంత అంది. ఆ ఒక్క మాట మీద మధ్యాహ్నమంతా వాదించుకుని, చివరికి ఉప్పు మీ ముక్కును అడిగి వేసుకోండి అని అచ్చు వేయించింది. ఆ వారం పేటంతా పచ్చడి గిన్నెల మీద ముక్కులు పెట్టుకుని కూర్చుంది.

తర్వాత మా ఆయనకు వెల్లింగ్టన్‌లో పని దొరకడంతో ఇటు వచ్చేశాం. ఇక్కడ స్కూల్లో నాకు ఉద్యోగం వచ్చినప్పుడు వాళ్ళూ మామూలుగా అనుభవం అడిగారు, ఆంటీకి ఫోను చేశారు. ఆవిడ ఏం చెప్పిందో తెలియదు గాని, పెట్టేసి వెంటనే రమ్మన్నారు. కొన్నేళ్ళ క్రితం ఆంటీ పోయింది. కొట్టు ఇప్పుడు ఆవిడ మనవరాలు నడుపుతోంది. కాగితం పోయి ఈమెయిలు వచ్చింది, రంగురంగుల ఫొటోలు వచ్చాయి. పిల్లి తప్పిపోయిన కబుర్లు తగ్గాయి, ఆఫర్ల కబుర్లు పెరిగాయి. తప్పుపట్టను, దాని కాలం దానిది. ఆ కొట్టు ఇప్పటికీ తెరిచి ఉందన్నదే నాకు పండగ.

మొన్న గురువారం నేను పంపిన ఆ ఈమెయిలు చూసి మా అమ్మాయి సిడ్నీ నుంచి ఫోను చేసింది. "అమ్మా, దిస్ ఈజ్ యువర్ పచ్చడి కదా! నీ నేమ్ లేదేంటి?" అని కోప్పడింది. పేరు లేదు, నిజమే. ఉప్పు ముక్కును అడిగే మాట కూడా పోయింది, దాని బదులు చెంచాల లెక్క వచ్చింది. కాని చివర ఆంటీ మనవరాలు రాసిన వాక్యం ఇది. మీరు రుచి చూసే ముందు మొదటి చెంచా ఒక సాసరులో తీసి కిటికీ దగ్గర పెట్టండి, ఎందుకో మాకు తెలియదు, మా బామ్మ ఎప్పుడూ అలాగే చేసేది.

నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఎందుకంటే నా వంటింట్లో ఆ అలవాటు ఎప్పుడో పోయింది. డెలీ నేర్పిన పాఠమే నిలిచింది నాకు, పొయ్యి దగ్గర నిలబడే గరిటె అరచేతిలో వంచుకుని చప్పరించేస్తాను. మా అమ్మాయికి సాసరంటే కాఫీ కప్పు కింద పెట్టేదని మాత్రమే తెలుసు. మా అమ్మమ్మ ఇంటి ఆచారం మా ఇంట్లో నాతోనే ఆగి, మౌంట్ ఆల్బర్ట్‌లో ఒక క్రొయేషియా కుటుంబంలో మూడో తరానికి చేరింది. నేను తీసుకున్నది గుర్తుంది గాని, ఇచ్చింది కూడా ఒకటుందని ఇన్నాళ్ళూ తెలియలేదు.

పక్కింటివాళ్ళు గోడ మీద పెట్టిన ఫీజోవాలు తెచ్చి ఆ సాయంత్రం పచ్చడి నూరాను. చెంచా నోటిదాకా వెళ్ళి ఆగింది. అలమర వెతికి సాసరు తీసి, కడిగి, కిటికీ గట్టు మీద పెట్టాను. అందులో ఒక చెంచా దేవుడికి వేశాను, ఇంకో చెంచా ఆంటీకి.