గద్దీ తాత నడుము తాడు

మూడేళ్లుగా ఒకే సంగతి అడుగుతున్నాను, ఎవరూ పట్టించుకోలేదు. మమ్మల్ని హిమాచల్‌లోని చంబా లోయకు తీసుకెళ్లిన టూరు ఆయనకు రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు.

అక్కడ గద్దీలనే కాపరులు వేసవిలో గొర్రెలను కొండల పైకి, చలికాలంలో కిందికి తోలుకుపోతారు. నేను వాగు దాటలేక నిలబడితే, అవతలి ఒడ్డున ఉన్న ముసలి గద్దీ నవ్వాడు. అంగీలో దాచుకున్న గొర్రెపిల్లను కింద దించి, అంగీ జారకుండా నడుముకు చుట్టుకున్న నల్లటి ఉన్ని తాడు విప్పి నాకు విసిరాడు. నేను కట్టుకున్నాక ఒడ్డుకు లాగాడు.

ఆయన మళ్లీ గొర్రెపిల్లను ఎత్తుకున్నాడు. చేతులు ఖాళీగా లేవని, తాడు విప్పి ఆయన కాళ్ల దగ్గర పెట్టాను. ఆయన నవ్వు ఆగిపోయింది. పిల్లను దించి, తాడు దులిపి, కళ్లకద్దుకుని, తిరిగి నా నడుముకే కట్టాడు.

"మీకు కావాలె గద బాబా!" అన్నాను మన ఉర్దూలో.

"ఇక ఇది నీదే" అని, జారిపోతున్న అంగీని ఒక చేత్తో పట్టుకుని, పిల్లను చంకనెత్తుకుని గొర్రెల వెంట వెళ్లిపోయాడు.

"ఆయనతోని గూడ కొట్లాట పెట్టుకున్నవా బావా?" అన్నాడు నాతో టూరుకు వచ్చిన మా బామ్మర్ది.

"నేనేమన్నరా? కింద పెట్టిన, గంతే."

"గదే తప్పేమో. లేకుంటే దోస్తానీకి ఇచ్చిండేమో. నాకేం ఎరుక!"

తాడు జహీరాబాద్‌లో మా బీరువాలో ఉంది. పెళ్లి భోజనాల్లో నన్ను రెండో పంక్తికి ఆపినవాళ్ల పేర్లు ఇప్పటికీ చెప్పగలను. ఆయన కూడా నన్ను అట్లాగే గుర్తుపెట్టుకున్నాడా? గద్దీల పద్ధతి తెలిసినవాళ్లు ఈసారైనా జవాబు చెప్పండి: ఆయన ఆ తాడు నాకు ఇచ్చాడా, నేను నేల మీద పెట్టినందుకు వదిలేశాడా?