ముళ్లపొదలోంచి చూసిన కొండెక్కే బండి

ఆ రోజుల్లో క్లచ్ లేనిది అసలు బండే కాదని నాకో గట్టి నమ్మకం. బాపట్లలో మా చిన్నాన్న జీపును ఇసుకలో నడిపిన ఘనుణ్ణి (రెండుసార్లే, అదీ చదును నేల మీద). ఎనభైల మొదట్లో అమెరికా వచ్చి ఇర్వింగ్‌లో ఉద్యోగంలో చేరాక, మా ఆవిడ ఆటోమేటిక్ కారు మీద నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంటే, "అందులో నువ్వు నడిపేదేముంది, అదే పోతుంది" అన్నాను. పాపం, నవ్వేసింది.

మా ఆఫీసులో తెల్లమీసాల అమెరికన్ పెద్దాయన ఒకరుండేవారు (మేం చాటుగా 'మీసాల మామ' అనుకునేవాళ్లం). ఆయనకు కొండలెక్కే బండ్లు రెండు: గేర్లు మార్చే పాత జీపొకటి, ఆటోమేటిక్ ఒకటి. ఓ శనివారం నన్నూ మా ఆవిడనూ రాళ్ల గుట్టల దగ్గరికి తీసుకెళ్లి, ఎవరేది నడుపుతారని అడిగారు. నేను ఛాతీ విరుచుకుని జీపెక్కాను. ఆటోమేటిక్‌లో మా ఆవిడ, పక్కన మామ. "భయపడకు, నా వెనకాలే రా" అని ఆమెకు ధైర్యం కూడా చెప్పాను.

సగం ఎక్కానో లేదో ముందు చక్రం బండరాయికి ఆనింది, ఇంజను ఆగిపోయింది. పెడళ్లు మూడు, కాళ్లు రెండు. మళ్లీ స్టార్ట్ చేసి, బ్రేకు మీంచి కాలు తీసి యాక్సిలరేటరు తొక్కేలోపే జీపు వెనక్కి జారడం మొదలెట్టింది. అద్దంలో మా ఆవిడ బండి పెద్దదవుతోంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆమె మాత్రం గేరు లివర్‌ను రివర్స్‌లోకి మార్చి, నిదానంగా పక్కకు తప్పుకుంది. నేను ఆమెను దాటుకుంటూ వెళ్లి ముళ్లపొదలో ఆగాను. జీపు దిగితే నడుందాకా ముళ్లే.

ఆ తర్వాత ఆమె లో గేరులో పెట్టి, కాలు మెల్లగా అదుముతూ పైకి బయల్దేరింది. బండి ఒక్కో రాయినీ తడుముకుంటూ పాకింది. నిటారు వాలులో ఒకచోట ఆగింది. జానెడు కూడా జారకుండా మళ్లీ కదిలింది. ముళ్లు గుచ్చుకుంటున్న సంగతే మరిచి, "అదీ, అదీ, ఇంకొంచెం" అని పొదలోంచి అరుస్తూనే ఉన్నాను. బండి కొనకు చేరగానే నేను గంతేశాను, ప్యాంటు చిరిగింది.

ఆమె దిగొచ్చి, తాడు కట్టి నన్నూ జీపునూ బయటికి లాగింది. దెబ్బలేమైనా తగిలాయా అని అడిగింది. లేవన్నాను. ఆమె కళ్లు మెరుస్తున్నాయి.

"అయితే మీరిక్కడే కూర్చోండి. ఇంకోసారి ఎక్కొస్తాను."

నాలుగుసార్లు ఎక్కింది. బండరాయి మీద కూర్చుని ముళ్లు ఏరుకుంటున్న ఆ ఇరవయ్యారేళ్ల మొనగాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పెళ్లయిన రెండేళ్లకు, తన భార్యను సరిగ్గా చూడటం అదే మొదటిసారని పాపం అతనికి తెలియదు.